ముందు ఈబీ కార్డు తీయండి

ఎండలు ముదిరేకొద్దీ నాకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. సోలార్ పెట్టించమంటారా, వద్దంటారా? అందుకని మిక్సీలు, స్టెబిలైజర్లు, మోటారు కాయిళ్ల సందేహాలు వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తం మిద్దెకే ఇచ్చేశాను. ఐటీఐలో కుర్రాళ్లకు ఎలక్ట్రీషియన్ పని నేర్పి రిటైరైనవాణ్ణి. చెన్నై కొళత్తూరులో మా మిద్దె మీదా 3 కిలోవాట్ల సోలార్ ఉంది. అమ్మకంతో నాకు సంబంధం లేదు కాబట్టి, వద్దనిపించిన చోట వద్దనే రాస్తాను. అలిగితే నేనేమీ చేయలేను.

మాస్టారూ, మాది అన్నానగర్‌లో సొంత ఇల్లు. రెండు ఏసీలు. అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఆవిడ గదిలో ఏసీ పగలు కూడా నడుస్తోంది. వేసవిలో రెండు నెలల బిల్లు 8 వేలు దాటింది. ఒక ఏజెంటు వచ్చి, "5 కిలోవాట్లు పెట్టించండి, బిల్లు జీరో" అంటున్నాడు. మావారేమో 3 చాలంటారు. కార్డు ఫొటో పంపుతున్నాను. ఎవరి మాట వినాలి?
— ఒక గృహిణి, అన్నానగర్

ఈ ఒక్కసారికి మీవారి మాట వినండమ్మా.

ఈబీ (కరెంటు బోర్డు) కార్డు ఫొటో పంపారు చూడండి, అదీ పద్ధతి. చాలామంది మిద్దె కొలతలు రాస్తారు, బ్యాంకు వడ్డీ రాస్తారు, కార్డు మాత్రం పంపరు. రీడింగ్ తీసే మనిషి రెండు నెలలకోసారి వచ్చి రాసిపోయే ఆ తెల్ల కార్డులో చివరి ఆరు వరసలు చూస్తే ఏడాది కథంతా తెలిసిపోతుంది. అందరూ రూపాయల గడి చూసి గుండెలు బాదుకుంటారు. చూడాల్సింది యూనిట్ల గడి. మీ కార్డులో ఎండాకాలపు వరస 1,100 యూనిట్లు, డిసెంబరు-జనవరి వరస 560. మిగతావి ఈ రెంటికీ మధ్యలో ఉన్నాయి.

తమిళనాట ఇళ్ల కరెంటు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2024 జూలైలో వచ్చిన రేట్ల ప్రకారం రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఎవరికైనా ఉచితం. మొత్తం 500 దాటిన ఇంటికి 101 నుంచి 400 దాకా యూనిట్ 4.70, ఆపైన 500 దాకా 6.30, 600 దాకా 8.40, 800 దాకా 9.45, వెయ్యి దాకా 10.50, వెయ్యి దాటితే 11.55. అంటే మీ 1,100వ యూనిట్ పన్నెండు రూపాయలకు దగ్గర, 150వ యూనిట్ అయిదు రూపాయల లోపు. రెండూ ఒకే తీగలో వచ్చాయి, ఒకే ఏసీలో కాలాయి. ధరలో మాత్రం రెట్టింపుకు మించిన తేడా.

సోలార్ ఈ మెట్లను పైనుంచి కోసుకుంటూ వస్తుంది. మీరు ఈబీ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి మీ మిద్దె ఈబీకి పంపిన యూనిట్లు తీసేసి, మిగిలినదానికే బిల్లు వేస్తారు. దీన్నే నెట్ మీటరింగ్ అంటారు. మద్రాసు ఎండకు కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకోండి. 3 కిలోవాట్లకు రెండు నెలల్లో 720. మీ 1,100లోంచి 720 తీసేస్తే 380. బిల్లు 8,025 నుంచి 1,081కి దిగుతుంది. పైగా 500 లోపుకు వచ్చారు గనక 101-200 మెట్టు మీద మీకు 4.70 కాదు, 2.35 మాత్రమే పడుతుంది.

ఇప్పుడు ఏజెంటు చెప్పిన 5 కిలోవాట్ల సంగతి. ఆ అదనపు 2 కిలోవాట్లు వచ్చి కోసేది ఆ మిగిలిన 1,081 రూపాయలనే. దాని కోసం మీరు లక్ష పైన పెట్టాలి, పైగా సబ్సిడీ పైసా పెరగదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో దానికి 18 వేలు, కలిపి 78 వేలు. అక్కడితో సరి. నాలుగైనా పదైనా అదే 78 వేలు. ఇక చలికాలంలో మీ వాడకం 560. మబ్బుల రోజుల్లో 3 కిలోవాట్లు కాస్త తక్కువే ఇచ్చినా, మీరు ఈబీకి కట్టేది దాదాపు సున్నాకు వచ్చేస్తుంది. 5 ఉంటే ఆ మిగులంతా ఈబీకి పోతుంది. మిగులు యూనిట్‌కు మనకు దక్కేది మనం కొనే ధరలో కొంతే. మనం మిద్దె మీద పవర్ స్టేషన్ పెట్టుకుని వ్యాపారం చేయడం లేదు కదా, బిల్లు తగ్గించుకుంటున్నాం.

ఏడాది మొత్తానికి మీ ఆరు బిల్లులూ కలిపి 30 వేల దాకా అవుతున్నాయి. 3 కిలోవాట్లతో అందులో 28 వేల దాకా మిగులుతుంది. పెట్టించడానికి సుమారు 2 లక్షలు, సబ్సిడీ పోను లక్షా ఇరవై వేలు. నాలుగైదేళ్లలో అసలు తిరిగి వస్తుంది. చేతిలో డబ్బు లేకపోతే ఈ పథకం కింద బ్యాంకులు 2 లక్షల దాకా తాకట్టు లేకుండా అప్పిస్తున్నాయి. ఈబీ కార్డులో మీరు కట్టే మొత్తంతో పోలిస్తే ఆ కంతు పెద్ద బరువేమీ కాదు. దరఖాస్తు చేసే ముందు నెట్‌వర్క్ చార్జీ (సోలార్ కరెంటుకు ఈబీ తీగలు వాడుకున్నందుకు వేసేది) మీ కనెక్షన్‌కు వర్తిస్తుందేమో ఈబీ సెక్షన్ ఆఫీసులో ఒక మాట అడిగి, ఉంటే దాన్నీ ఈ లెక్కలో కలుపుకోండి.

అత్తగారి ఏసీ సంగతి చెప్పడం మరిచాను. అది పగలు నడవడం మీకు మంచిదే. ఎండ ఉన్నప్పుడు తయారైన కరెంటు ఎండ ఉన్నప్పుడే వాడుకుంటున్నారు.

నమస్కారమండీ. నేనూ మా ఆవిడా ఇద్దరమే. ఏసీ లేదు. బిల్లు ఎప్పుడూ 1,100 దాటదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి డబ్బు పంపిస్తాను, సోలార్ పెట్టించండి నాన్నా అని పట్టుబడుతున్నాడు. పెట్టించమంటారా?
— రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, పెరంబూరు

వద్దండి.

మీ కార్డులో 380 యూనిట్లు. మొదటి 100 ఉచితం, రెండో 100 యూనిట్ 2.35 చొప్పున, మిగిలిన 180 యూనిట్ 4.70 చొప్పున. మొత్తం 1,081. మీ కరెంటులో సగానికి పైగా ప్రభుత్వం ఉచితంగానో చవగ్గానో ఇస్తోంది. ఇంత చవక యూనిట్లను కోయడానికి లక్ష రూపాయల కత్తి ఎందుకు? 2 కిలోవాట్లు పెట్టిస్తే బిల్లు సున్నా అవుతుంది, నిజమే. ఏడాదికి మిగిలేది 6,500. సబ్సిడీ పోను మీరు పెట్టేది 80 వేలు అనుకున్నా, అది తిరిగి రావడానికి పన్నెండేళ్లు. ఈలోగా ఒకసారి, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు కూడా.

అబ్బాయి పంపుతానన్న డబ్బులో 9 వేలు తీసుకుని ఇంట్లో ఎక్కువగా తిరిగే మూడు ఫ్యాన్లు మార్పించండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. బ్రష్ లేని డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద రెండు నెలల్లో 40 యూనిట్లు ఆదా. మూడింటికి 120. బిల్లు 1,081 నుంచి 517కు వస్తుంది. మూడేళ్ల లోపు డబ్బు చేతికి తిరిగి వచ్చేస్తుంది. మిద్దె ఎక్కక్కర్లేదు, ఈబీ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు.

రేపు మోకాళ్లు మొరాయించి ఏసీ పెట్టించుకుంటే అప్పుడు మళ్లీ కార్డు పంపండి. ఒకటి గుర్తుంచుకోండి. 500 యూనిట్లు అన్నది ఇక్కడ గడప. సరిగ్గా 500 వాడినవాడు 1,805 కడతాడు, 510 వాడినవాడు 2,124 కడతాడు. పది యూనిట్లకు మూడు వందల పైచిలుకు! మీరు ఆ గడపకు ఇవతలే ఉన్నారు, ఉండగలిగినంత కాలం ఉండండి.

సోలార్ ఉంటే కరెంటు పోయినా మనకు పోదంట కదా సార్?
— ఇంజినీరింగ్ విద్యార్థి, పోరూరు

పోతుంది. ఈబీ లైనుకు కలిపి నడిపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఆ లైను ఆగిపోగానే తానూ ఆగిపోవాలి. అలాగే తయారు చేస్తారు. లేకపోతే వీధి చివర స్తంభం ఎక్కి తీగ పట్టుకున్న లైన్‌మన్‌కు మీ మిద్దె మీది కరెంటు కొడుతుంది. కోతల టెన్షన్ ఉంటే బ్యాటరీ వేసుకునే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవచ్చు, కానీ ఖర్చు బాగా పెరుగుతుంది. మీ ఇంట్లో ఫ్యాన్లకూ లైట్లకూ ఇప్పటికే ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్‌ను అలాగే ఉంచుకోవడం మేలు.

మూడు కంపెనీల నుంచి కొటేషన్లు తీసుకున్నాం. 3 కిలోవాట్లకు ఒకరు 1,60,000, ఒకరు 1,95,000, ఇంకొకరు 2,20,000. మాకు ఏమీ అర్థం కావడం లేదు. మూడూ జత చేశాం. మా ఇల్లు తిరువాన్మియూరులో బీచికి నడిచిపోయేంత దగ్గర.
— కొత్తగా ఇల్లు కొనుక్కున్న దంపతులు

మూడూ తీరిగ్గా చదివాను. 1,60,000 కాగితాన్ని చించేయండి. అందులో ప్యానెల్ పేరుంది గానీ డీసీఆర్ అన్న మాట ఎక్కడా లేదు. లోపలి చిన్న చిన్న సోలార్ సెల్‌లు కూడా మన దేశంలోనే తయారైన ప్యానెల్‌కు ఇచ్చే గుర్తింపు అది. అది లేకపోతే కేంద్రం సబ్సిడీ రాదు. 1,60,000కు కొని 78 వేలు పోగొట్టుకుంటే అది చవకెలా అవుతుంది? ఇంకో సంగతి, సబ్సిడీ ఎప్పుడూ మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, అదీ నెట్ మీటర్ బిగించి తనిఖీ అయ్యాక. పథకం పోర్టల్‌లో నమోదైన కంపెనీ చేస్తేనే పడుతుంది. ముందే మొత్తం కట్టేయమనేవాణ్ణి నమ్మకండి. సామాను దిగాక కొంత, బిగించాక కొంత, మీటర్ తిరిగాక చివరి వాయిదా.

మిగిలిన రెండు కాగితాల్లోనూ ప్యానెళ్లు ఒకే రకం. 540 వాట్లవి ఆరు. తేడా అంతా కింద ఇనుములో ఉంది. మీకు ముఖ్యమైంది కూడా ఆ ఇనుమే. 1,95,000 వాడు 'జీఐ స్ట్రక్చర్' (జింకు పూత ఇనుప చట్రం) అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. 2,20,000 వాడు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పట్టించే పూత), 80 మైక్రాన్లు, బోల్టులు ఉప్పుకు బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీల్ 316 అని రాశాడు. సముద్రపు ఉప్పు గాలి మామూలు బోల్టును ఎలా తినేస్తుందో మీ వీధిలోని కిటికీ ఊచలను అడగండి. నట్టు చుట్టూ ముందు తెల్లటి పొడి, తరవాత ఎర్రటి చార, ఆ తరవాత స్పానర్ పెడితే నట్టు కాదు, బోల్టు తలే ఊడి చేతిలోకి వస్తుంది. ఒక్కో ప్యానెల్ పాతిక కిలోల పైనే ఉంటుంది. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను వచ్చిన రోజు ఈ ఊళ్లో చెట్లే వేళ్లతో సహా లేచిపోయాయి. చెన్నైకి కట్టడాల కోడ్ చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి తట్టుకుంటుందని కొటేషన్‌లో రాయించుకోండి.

మిద్దెకు రంధ్రాలు వేస్తామంటే ఒప్పుకోవద్దు. మన పాత మిద్దెల మీద ఇటుక జల్లీ, సున్నం వేసి పైన చదరపు పెంకులు పరిచి ఉంటారు. డ్రిల్లు అందులోంచి దిగిందంటే వచ్చే వానాకాలానికి కింద పడకగదిలో బకెట్ పెట్టుకోవాలి. కాళ్ల కింద కాంక్రీటు దిమ్మెలు పోసి నిలబెట్టమనండి.

2,20,000 వాడితోనే బేరమాడి 2,05,000కు తెండి, వస్తాడు. సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో పాత పన్నే వేశాడేమో చూడండి. ఎర్తింగ్ గుంటలు మూడు ఉండాలి: ప్యానెళ్ల వైపు డీసీ కరెంటుకు ఒకటి, ఇంటి వైపు ఏసీ కరెంటుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. ఒకే గుంటలో మూడు తీగలూ దించి డబ్బులు మూడింటికీ వేయడం కొందరికి అలవాటు. తవ్వేటప్పుడు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి. ప్యానెళ్లు పైకి ఎక్కించే ముందు ఒక్కోదాని వెనక అంటించిన స్టిక్కర్ ఫొటో తీసుకోండి. డీసీఆర్ కాగితం మీది సీరియల్ నంబర్లూ అవీ ఒకటే కావాలి. పైకి ఎక్కాక వెనక్కి వంగి చూడటం ఎవరి వల్లా కాదు.

బాబూ, మా మనవడు మిద్దె నిండా సోలార్ పలకలు పరుస్తానంటున్నాడు. నా వడియాలూ, మిరపకాయలూ, ఆవకాయ ముక్కలూ ఎక్కడ ఆరబెట్టుకోను?
— ఒక పెద్దావిడ, పశ్చిమ మాంబళం

మామ్మగారూ, 3 కిలోవాట్లకు 300 చదరపు అడుగులు చాలు. మీ మిద్దె 900 అని మనవడే రాశాడు, కాబట్టి గొడవ లేదు. ఉత్తరం వైపు ప్యానెళ్లకు వదిలేసి దక్షిణం వైపు మీరు ఉంచుకోండి. వడియాల మంచం ప్యానెళ్ల మీద నీడ వేయదు. మనిషి ఎత్తున ఏడెనిమిది అడుగుల కాళ్ల మీద నిలబెడితే కింద బట్టలు కూడా ఆరేసుకోవచ్చు గానీ, ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ ఎక్కువ, ఇనుము ఖర్చూ ఎక్కువ. మీకు అంత అవసరం కనపడటం లేదు. మనవణ్ణి ఏమీ అనకండి, మంచి పనే చేస్తున్నాడు.

మాస్టారూ, గత ఏడాది పెట్టించాం. మార్చిలో రోజుకు 14 యూనిట్లు వచ్చేవి. మే నెలలో ఎండ మండిపోతుంటే 12 కూడా రాలేదు. కంపెనీవాడు మోసం చేశాడా? వారానికోసారి బోరు నీళ్లతో కడుగుతున్నాం కూడా.
— కిరాణా వ్యాపారి, తిరువొత్తియూరు

మోసమేమీ లేదు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు. వేడి దానికి శత్రువు. వెనక స్టిక్కర్ మీద రాసే 540 వాట్లు ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి 0.35 శాతం దాకా పడిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు అద్దం లోపల 65 డిగ్రీలు అయిందనుకోండి, 14 శాతం అక్కడే గాలికి పోయినట్టు. మా మిద్దె మీదా ఏటా ఇదే వరస. అందుకే ప్యానెళ్ల కింద గాలి ఆడాలంటారు, ఇన్వర్టర్‌ను నీడలో పెట్టమంటారు. మీరు ఇన్వర్టర్‌ను పడమటి గోడకు బిగించారని ఫొటోలో చూశాను. దాని మీద ఒక రేకు నీడైనా వేయించండి.

రెండోది, ఆ బోరు నీళ్లు ఆపండి. మీ ప్రాంతంలో బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. ఆరాక అద్దం మీద తెల్లటి పొర మిగుల్చుతాయి. కాఫీ గిన్నె అడుగున పట్టే గార లాంటిదే. రోజూ చూస్తే కనపడదు, వేలితో గీస్తే తెలుస్తుంది. కుళాయిలో వచ్చే మెట్రో నీళ్లు రెండు బకెట్లు, మెత్తటి గుడ్డ కట్టిన పొడుగు కర్ర చాలు. తెల్లవారుజామునే కడగండి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. రెండు వారాలకోసారి చాలు గానీ, మీ వైపు మణలి, ఎన్నూరు ఫ్యాక్టరీల గాలికి నల్ల దుమ్ము ఎక్కువ కాబట్టి వారానికోసారి చేసినా తప్పులేదు. కాకి రెట్ట మాత్రం కనపడగానే తుడిచేయండి. అది చిన్న మచ్చే అయినా, ఆ సెల్ ఒక్కటే కరెంటు ఇవ్వకపోగా వేడెక్కి మాడిపోతుంది. మా ఇంటి దగ్గర కాకులకు ఏ కారణం చేతనో నాలుగో ప్యానెల్ అంటేనే ప్రీతి.

మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఫ్లాట్లు, లిఫ్ట్ ఉంది. మిద్దె అందరిదీ. నేను నా ఫ్లాట్‌కు సోలార్ పెట్టుకుంటానంటే అసోసియేషన్‌లో ముగ్గురు లేచి అరిచారు. ఏం చేయాలి?
— ఐటీ ఉద్యోగి, మేడవాక్కం

ఆ ముగ్గురి అరుపులోనూ న్యాయం ఉంది. మీరు 300 చదరపు అడుగులు ఆక్రమిస్తే మిగతా పదకొండు మందికి ఏం మిగులుతుంది? మీ ఫ్లాట్ మాట వదిలేసి, లిఫ్ట్‌కూ మోటారుకూ మెట్ల లైట్లకూ ఉన్న ఉమ్మడి మీటర్‌కు సోలార్ పెడదామని అడగండి. ఉమ్మడి మీటర్‌కు ఇళ్లకు ఇచ్చే ఉచిత 100 యూనిట్లు లేవు. యూనిట్ 8 రూపాయల పైనే పడుతుంది. 2023లో దాన్ని 5.50కి తగ్గించారు గానీ, అది పది లోపు ఇళ్లు, మూడు అంతస్తుల లోపు ఉండి లిఫ్ట్ లేనివాటికి. మీకు రాదు. మొదటి యూనిట్ నుంచీ ఖరీదైనదే కాబట్టి మీకు ఇక్కడ సోలార్ బాగా గిట్టుబాటు అవుతుంది. పైగా నీళ్ల మోటారును రాత్రి మాని పగలు పదింటికి వేసుకోవచ్చు. ఉమ్మడి అవసరాలకు అసోసియేషన్లకూ కిలోవాట్‌కు 18 వేలు సబ్సిడీ ఉంది. మీటింగ్‌లో నెట్ మీటర్, ఇన్వర్టర్ అంటూ మొదలుపెట్టకండి. "మెయింటెనెన్స్ తగ్గుతుంది" అనండి, ముగ్గురూ కూర్చుంటారు.

ఈబీ కార్డు ఇంకా చనిపోయిన మా మామగారి పేరునే ఉంది. ఫరవాలేదా?
— విల్లివాక్కం

సోలార్ దరఖాస్తుకు ఫరవాలేదు అనలేం. కనెక్షన్ పేరు, ఇంటి కాగితం, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా మూడూ ఒకే మనిషివి అయ్యాకే పోర్టల్ తెరవండి. ముందు పేరు మార్పు. వారసత్వ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదుతో మీ సెక్షన్ ఆఫీసుకు వెళ్లండి. ఆపైన 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన పేరుతో ఆపరు, దరఖాస్తు ఆమోదం పొందినట్టే లెక్క. సూర్యఘర్ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా ఉంది కాబట్టి పేరు మార్పు మాత్రం నానబెట్టకండి.

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మీ శీర్షిక అక్క పంపిస్తుంది. మాకూ ఇదే లెక్కా?

కాదమ్మా. కర్ణాటకలో మెట్లు లేవు, ఇళ్లకు ఒకటే రేటు, బిల్లు నెలకోసారి. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు, మీ పాత సగటుకు పది శాతం కలిపినంత వరకు ఉచితం. మీ బిల్లు ఇప్పటికే సున్నా అయితే సోలార్ దేన్ని తగ్గిస్తుంది? నెలనెలా 300, 400 కాలుస్తుంటే మాత్రం అక్కను అడగకుండా నాకే నేరుగా రాయండి. పన్నెండు నెలల బిల్లులూ జత చేయండి.

మా ఇంటికి దక్షిణాన పక్కవాళ్లు ఇంకో అంతస్తు లేపుతున్నారు. ఇంకా పిల్లర్లే లేచాయి. కంపెనీవాడు "ఏమీ కాదు, ఎండ పైనుంచే కదా వస్తుంది" అంటున్నాడు. అడ్వాన్సు ఇచ్చేయనా?
— స్కూలు టీచరు, మాధవరం

ఇవ్వకండి. ప్యానెళ్లను వరసగా ఒకే తీగలో కలుపుతారు. ఒక ప్యానెల్ మీద మూల నీడ పడ్డా దాని దెబ్బ వరస అంతటికీ తగులుతుంది. ఎండ పైనుంచే వస్తుందన్న మాట మద్రాసులో ఏడాదికి రెండు రోజులే నిజం, ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో. అప్పుడు మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందే ఉంటుంది. ఆ రెంటి మధ్య సూర్యుడు కాస్త ఉత్తరానికి పోతాడు, మీకు ఇబ్బంది లేదు. మిగతా ఎనిమిది నెలలూ దక్షిణం నుంచే. డిసెంబరు మూడోవారంలో మధ్యాహ్నం పూట కూడా పది అడుగుల గోడ మీ మిద్దె మీద ఏడు అడుగుల పైన నీడ పరుస్తుంది. పొద్దున తొమ్మిదింటికీ సాయంత్రం మూడింటికీ ఇంకా పొడుగు.

వాళ్ల స్లాబ్ పడేదాకా ఆగండి. పైన నీళ్ల ట్యాంకు ఏ మూల పెడుతున్నారో, పిట్టగోడ ఎంత ఎత్తు కడుతున్నారో మేస్త్రీనే అడగండి, చెబుతాడు. డిసెంబరులో ఒక ఆదివారం సుద్దముక్క తీసుకుని తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి నీడ అంచు గీయండి. మూడు గీతలకూ ఉత్తరాన 300 చదరపు అడుగులు మిగిలితే మామూలు ఇన్వర్టర్‌తోనే పెట్టించుకోవచ్చు. మిగలకపోతే ప్యానెల్‌కొకటి చొప్పున మైక్రో ఇన్వర్టర్లు అడగండి. ఖరీదు ఎక్కువే, కానీ నీడ పడ్డ ప్యానెల్ ఒక్కటే నష్టపోతుంది. ఆ రెండో కొటేషన్ కూడా వచ్చాక, గీతల ఫొటోతో కలిపి నాకు పంపండి.